నాలుగు ఊళ్ళని పరగడుపున కూర్చోబెట్టాను

మొన్న గురువారం నేను చేసిన పని తెలిస్తే మీరెవరూ నా చేతికి టీవీ రిమోట్ కూడా ఇవ్వరు. ఎచ్చెర్ల, శ్రీకాకుళం, టెక్కలి, పలాస. ఈ నాలుగు ఊళ్ళల్లో పొద్దున్న ఆరున్నర నుంచి దగ్గర దగ్గర తొమ్మిదింటి దాకా బోలెడుమంది జనం తిండీ తిప్పలూ లేకుండా బల్లల మీద కూర్చుని ఎవడో ఒకణ్ణి తిట్టారు. ఆ ఎవడో నేనే!

నవ్వకండి, ముందు వినండి.

నా పని మీకు తెలుసు కదా. విజయనగరంలో మాదొక చిన్న కంపెనీ. షాపులకీ కాలేజీలకీ ఆస్పత్రులకీ నెట్‌వర్కులు వేస్తాం, చెడిపోతే బాగుచేస్తాం. ఒక్కోసారి మేమే చెడగొట్టి మేమే బాగుచేస్తాం, అది వేరే సంగతి. మా కస్టమర్లలో ఒక రక్తపరీక్షల ల్యాబు ఉంది. మెయిన్ ల్యాబు విజయనగరంలో. ఇందాక చెప్పిన నాలుగు ఊళ్ళల్లో రక్తం తీసుకునే సెంటర్లు. ప్రతి సెంటర్లోనూ ఒక రౌటరు పెట్టాం. ఆ రౌటరు దాటితే ఇక లైను కంపెనీ వాళ్ళ దారి. ఆ దారిలో మా ల్యాబు వాళ్ళ కోసం విడిగా ఒక వరస ఉంటుంది, బయటివాళ్ళెవరూ దూరలేరు. దాన్నే వీపీఎన్ అంటారు. ఇంతే, ఇంతకంటే మీరేం తెలుసుకోనక్కర్లేదు.

ఇప్పుడు అసలు కీలకం. సెంటర్‌కి వచ్చినవాళ్ళు పేరు చెబితే, అది విజయనగరం సర్వర్‌కి వెళ్తుంది. అక్కణ్ణుంచి ఒక నంబరొస్తుంది. ఆ నంబరుతో బార్‌కోడ్ స్టిక్కరు ప్రింటవుతుంది. స్టిక్కరు ట్యూబుకి అంటించాకే సూది. స్టిక్కరు లేదా, సూది లేదు. ఇది ఓనరు డాక్టరమ్మ పెట్టిన రూలు, దేవుడొచ్చి అడిగినా మార్చదు. ఒకసారెప్పుడో రెండు ట్యూబులు తారుమారై, రిటైరైన ఒక హెడ్‌మాస్టారికి మూడో నెలని రిపోర్టు వెళ్ళిందట. అప్పట్నుంచీ ఈ రూలు.

ఇన్నాళ్ళూ ఏ సెంటరుకి ఏ దారో ప్రతి రౌటర్లోనూ చేత్తో రాసిపెట్టేవాళ్ళం. ఇప్పుడు నరసన్నపేటలో కొత్త సెంటర్ పెడుతున్నారు. మళ్ళీ అన్నిచోట్లా రాయాలి. నాకు బద్ధకం. ఆ బద్ధకానికి టెక్నాలజీ అని పేరుపెట్టి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను.

"మేడమ్, చేత్తో రాసే రోజులు పోయాయి. రౌటర్లే ఒకదానికొకటి 'నేను ఫలానా, నా వెనక వీళ్ళున్నారు' అని చెప్పుకునేలా పెట్టేస్తాను. బీజీపీ అంటారు. రేపు మీరు పది సెంటర్లు పెట్టినా దారులు వాటంతటవే తెలిసిపోతాయి."

"ల్యాబు ఎన్ని గంటలు ఆపాలి?"

"ఆపడమేటి మేడమ్! పొద్దున్న మీరు తెరిచేలోపు అయిపోద్ది. పేషెంట్లకి తెలియనే తెలీదు."

ఆవిడ కళ్ళజోడు కిందికి దించి నన్ను ఒక్క క్షణం చూసింది. "పరగడుపున వచ్చేవాళ్ళుంటారు పైడిరాజు గారూ. షుగరున్నవాళ్ళు. ఆలస్యమైతే కళ్ళు తిరిగి పడిపోతారు. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి. వచ్చే నెల మీ కంపెనీతో కాంట్రాక్టు రెన్యూవల్ కూడా ఉంది, అదీ గుర్తుపెట్టుకోండి."

నేను గుర్తుపెట్టుకున్నాను. ఎంత గుర్తుపెట్టుకున్నానంటే, అదే గురువారం పొద్దున్నే మా అత్తని శ్రీకాకుళం సెంటర్‌కి రమ్మన్నాను. మా అత్త సూరమ్మ నాకు మేనత్త, అత్తగారు కూడా. మాది మేనరికం. కాబట్టి 'అల్లుడు గారూ' లాంటి మర్యాదలేమీ ఆశించకండి. శ్రీముఖలింగం దగ్గర పల్లెలో వరి పండిస్తారు. ఆవిడకీ షుగరుంది. పరీక్షలంటే మాత్రం పరుగే పరుగు. "ఉచితంగా చేయిస్తాను, అక్కడ మన మాటే మాట" అని నేను ఫోన్లో కోతలు కోస్తే, చివరికి ఒప్పుకుని మొదటి బస్సుకి బయల్దేరింది. పరగడుపున.

సరే. గురువారం. తెల్లవారుజామున అయిదుంబావుకి మెయిన్ ల్యాబులో దిగాను. అక్కడ సర్వర్ రూమంటే పెద్దగా ఊహించుకోకండి. మెట్ల కింద గది. ఒక పక్క సర్వరు, ఒక పక్క వాటర్ క్యాన్లు, ఫినాయిల్ డబ్బా. నాకు తాళం తీసింది నరసింగరావు గారు. ఆయన రిసెప్షన్ ఇన్‌ఛార్జి. అరవై దాటాయి. తాతల నాటి నుంచీ గుళ్ళో అర్చకత్వం ఉన్న కుటుంబం. ఇప్పటికీ సాయంత్రాలు జాతకాలు చూస్తారు, పెళ్ళిళ్ళు కుదురుస్తారు. పొద్దున్నపూట మాత్రం టోకెన్లు పంచుతారు.

"ఇంత పొద్దున్నే వచ్చావు, ముహూర్తం ఎవరు పెట్టారు నాయనా?" అన్నారు కుర్చీ లాక్కుంటూ.

"మా పనికి ముహూర్తాలేటండీ, కాన్ఫిగరేషను ఉంటే చాలు."

ఆయన గడియారం చూసి ఏదో గొణుక్కున్నారు. నేను పట్టించుకోలేదు.

ఈ బీజీపీలో ప్రతి చోటుకీ ఒక గుర్తింపు నంబరు ఇవ్వాలి. కంపెనీ ఒకటే కదా అని నేను అయిదుచోట్లకీ ఒకటే నంబరిచ్చాను. కాగితం మీద చూసుకుంటే ఎంత ముద్దొచ్చిందో! యూనిఫారం వేసుకుని ప్రేయర్లో నిలబడ్డ పిల్లల్లా ఉన్నారు అయిదుగురూ.

ముందు విజయనగరం రౌటర్లో వేశాను. పది సెకన్లలో లైను కంపెనీ వాళ్ళ రౌటరుతో మాట కలిసింది. స్క్రీన్ మీద 'ఎస్టాబ్లిష్డ్' అని పడింది. "చూశారా పంతులు గారూ, కుదిరింది!" అని అరిచాను. ఆయన కూడా పాపం సంతోషించారు.

అక్కడితో ఆగి, ఒక సెంటర్ మార్చి, అది పనిచేస్తోందో లేదో చూసుకుని, తర్వాత రెండోదానికి వెళ్ళాలి. ఇది ఈ పనిలో చేరిన మొదటివారం పిల్లలకి నేనే చెబుతాను. వేలు చూపించి మరీ చెబుతాను.

ఆరోజు నేనేం చేశానంటే, నాలుగు సెంటర్ల రౌటర్లనీ నాలుగు విండోల్లో ఒకేసారి తెరిచాను. కొత్త పద్ధతి పెట్టు, చేత్తో రాసిన పాత దారులు తీసెయ్, మొత్తం సేవ్ చెయ్. ఈ మూడూ ఒక నోట్‌ప్యాడ్‌లో రాసి, నాలుగింట్లోనూ పేస్ట్, పేస్ట్, పేస్ట్, పేస్ట్!

నాలుగు విండోలూ ఆగిపోయాయి.

ఆగిపోయాయంటే, శవాల్లాగ. ఎంటర్ కొట్టాను. మళ్ళీ కొట్టాను. ఎంటర్ మీట ఊడొచ్చేలా కొట్టాను. కర్సర్ కూడా కదల్లేదు. అప్పుడు నాకెలా ఉందో మీకు మాటల్లో చెప్పలేను. పరీక్ష హాల్లోంచి బయటికొచ్చాక పేపరు వెనకవైపు కూడా ప్రశ్నలున్నాయని తెలిస్తే ఎలా ఉంటుంది? అలాగ.

కూర్చున్న కొమ్మని నరుక్కోవడం అంటారు కదా. నేను నాలుగు కొమ్మల మీద కూర్చుని నాలుగూ నరికాను. ఏ దారిలో నేను ఆ రౌటర్లలోకి వెళ్ళానో ఆ దారినే తీసేశాను. పైగా సేవ్!

నరసింగరావు గారు నెమ్మదిగా అడిగారు. "ఏం నాయనా, మొహం అలా పెట్టావేం?"

"ఏం లేదండీ. లైను కొంచెం స్లో."

మగాడు తప్పు చేస్తే మొట్టమొదట ఏం చేస్తాడు? ఇంకొకడి మీదకి తోస్తాడు. నేనూ అదే చేశాను. లైను కంపెనీకి ఫోన్ కొట్టాను. విశాఖపట్నంలో వాళ్ళ ఇంజనీరు ఒకావిడ ఎత్తింది. నిద్రమొహం గొంతు కాదు, చాలా మర్యాదైన గొంతు.

"మేడమ్, మీ లైన్లు నాలుగూ పడిపోయాయి! ఇదేం సర్వీసు? ల్యాబు మేడమ్, పేషెంట్లుంటారు!"

"ఒక్క నిమిషం సార్... మా వైపు అన్నీ అప్‌లోనే ఉన్నాయండి. అయిదుచోట్లా బీజీపీ ఎస్టాబ్లిష్డ్ అనే చూపిస్తోంది."

"చూపిస్తే సరిపోద్దా మేడమ్? మీ దగ్గరే ఏదో ఉంది, చూడండి!"

"సార్, మీరు పెట్టిన నంబర్లు ఒకసారి..."

"నంబర్లు నేను చూసుకుంటాను. మీరు లైన్లు చూడండి!" అని పెట్టేశాను. ఆవిడ ఆ వాక్యం పూర్తిచేసేదాకా ఆగుంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. మీరూ ఇంటికెళ్ళిపోయేవారు.

విజయనగరం రౌటర్లో పాత దారులు ఇంకా తీయలేదు, అలాగే ఉన్నాయి. లాభం లేదు. ఇటు నుంచి మాట వెళ్తోంది, అటు నుంచి జవాబు రావడానికి దారి లేదు.

ఆరున్నరైంది. సెంటర్లు తెరిచారు. ఫోన్లు మొదలయ్యాయి.

ముందు పలాస. తర్వాత ఎచ్చెర్ల. తర్వాత టెక్కలి నుంచి లక్ష్మి. ఆ అమ్మాయి అక్కడ రక్తం తీస్తుంది, ఫోనెత్తుతుంది, గది తుడిపిస్తుంది, సెంటర్ మొత్తం ఆ అమ్మాయే.

"సార్, స్టిక్కర్ రానేదు సార్. భావనపాడు రేవు నుంచి ఒక ఆటో నిండా జనం వచ్చినారు. రాత్రి ఏడింటికి తిన్నారంట. నన్ను తినేసేలాగున్నారు."

"లక్ష్మీ, కంగారుపడకు. రౌటర్ ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యి." సేవ్ చేశాక ఆపి వేసినా ఉపయోగం లేదని నాకు తెలుసు. కానీ ఏదో ఒకటి చెప్పాలి కదా!

"ఏది సార్ రౌటరంటే?"

"చిన్న చిన్న లైట్లు వెలుగుతా ఉంటాయి చూడు, అది."

"ఆ, ఉన్నాది సార్. ఆపుతన్నాను."

అటు నుంచి ఒక్కసారిగా గోల. ఎవరో పెద్దాయన గొంతు అన్నిటికంటే పైన వినబడింది. "ఒలే గుంటా! ఎంకటేస్పర్సామి దీపాలెందుకార్పీసినావు? పొద్దుటేల అదేటి పని?"

దేవుడి పటానికి చుట్టిన సీరియల్ సెట్టు పీకేసింది! ఆ పెద్దాయన ఇంకా అంటూనే ఉన్నాడు. "సముద్రంలో గాలి తిరగబడినా నానింతసేపు ఆకలికి ఆగనేదు. సూదికోసం ఆగాలేటి? ఎవుడలా సేసినాడు, ఆడి పేరు సెప్పు ముందు!"

లక్ష్మి నిజాయితీ గల పిల్ల. "పైడిరాజు సారండీ" అని చెప్పేసింది.

ఫోన్ పెట్టేసరికి ఇంకో ఫోను. మా అత్త.

"ఒరే పైడీ, నానొచ్చి కూసున్నాను. సూదెప్పుడు గుచ్చుతారు?"

"అత్తా, ఒక పది నిమిషాలు..."

"ఇక్కడ మన మాటే మాటన్నావు కదరా. నీ పేరు సెప్పినాను. ఆ పిల్ల నాకేసి అదోలా సూసింది. ఏటైనా సేసినావేటి?"

"నేనేం చేస్తాను అత్తా!"

"నీ గొంతలాగున్నాదేటి? సిన్నప్పుడు మా పెరట్లో కోడిపెట్ట తోక పీకినప్పుడు ఇలగే మాటాడినావు."

పెట్టేశాను. కేబులు, లాప్‌టాపు బ్యాగులో పడేసి బండి తీశాను. రౌటరు దగ్గరికే వెళ్ళి, దానికి తీగ తగిలించి, ఒక్కొక్కటీ చేత్తో బాగుచేసుకుంటూ పోవాలి. ముందు ఎచ్చెర్ల, తర్వాత శ్రీకాకుళం, ఆ తర్వాత టెక్కలి, ఆఖరికి పలాస. నాలుగో ఊరు చేరేసరికి పన్నెండు దాటుతుంది. పలాసలో పరగడుపు కాస్తా ఉపవాసం అయిపోతుంది!

హైవే ఎక్కాక డాక్టరమ్మ ఫోన్. హెల్మెట్‌లో ఇరికించుకుని ఎత్తాను.

"పైడిరాజు గారూ. పేషెంట్లకి తెలియనే తెలీదన్నారు."

"మేడమ్, దారిలో ఉన్నాను మేడమ్."

"షుగరున్నవాళ్ళని ముందు తినిపించి పంపించెయ్యమని అన్ని సెంటర్లకీ చెప్పాను. రేపు రమ్మంటాం. ఆగుతామన్నవాళ్ళు ఆగుతారు. వీళ్ళలో ఒక్కరు పడిపోయినా నేను కాంట్రాక్టు గురించి మాట్లాడను. ఇంకేదో మాట్లాడతాను."

ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది. ఆ చలిగాలిలో నాకు చెమట పట్టింది. మా అత్త సంగతి తలుచుకుంటే ఇంకా భయమేసింది. ఆవిడ తినేసి వెళ్ళిపోయే రకం కాదు. ఉచితమన్నాక సూది గుచ్చించుకోకుండా కదలదు.

ఎచ్చెర్ల చేరేసరికి ఎనిమిది. సెంటర్ ముందు యూనివర్సిటీ పిల్లలు ఒక ఇరవైమంది, ఏదో మెడికల్ సర్టిఫికెట్టు కోసం. నన్ను చూసి దారిచ్చారు. మర్యాదతో కాదు, ఇంజనీరంటే ఎలా ఉంటాడో చూద్దామని. రౌటరుకి తీగ తగిలించి, పాత దారులు చేత్తో రాశాను. టక్కున స్టిక్కర్ వచ్చింది. పిల్లలు ఈల వేశారు. ఒక ఊరు గట్టెక్కింది.

కానీ అసలు ఎందుకిలా జరిగింది? మాట కలిసింది, ఎస్టాబ్లిష్డ్ అంది, మరి దారులెందుకు తెలియలేదు? ఎందుకు తీసుకోలేదో చెప్పమని రౌటర్ని గట్టిగా అడిగాను. అలా అడిగే పద్ధతి ఒకటుంటుంది. సరిగ్గా అప్పుడే నరసింగరావు గారు ఫోన్ చేశారు.

"ఏమైంది నాయనా? ఇక్కడ ఫోన్లు ఆగట్లేదు."

"ఎచ్చెర్ల అయిందండీ. కానీ ఈ రౌటరేదో వింతగా చెబుతోంది. విజయనగరం నుంచి కబురు వస్తోందట. ఆ కబురు మీద తన నంబరే ఉందట. నా నంబరుతో వచ్చింది నాకొద్దు అని వెనక్కి కొట్టేస్తోంది. అయిదింటికీ ఒకే నంబరిచ్చాను కదా, ఏదీ ఇంకోదాని కబురు తీసుకోవడం లేదు."

ఆయన చాలా మామూలుగా అన్నారు.

"సగోత్రం."

"ఆఁ?"

"సగోత్రం నాయనా! అమ్మాయిదీ అబ్బాయిదీ ఒకటే గోత్రమైతే సంబంధం ఎలా కుదుర్తుంది? మధ్యవర్తి మాట కలుపుతాడు, కాఫీలవుతాయి. గోత్రం చెప్పగానే లేచి వెళ్ళిపోతారు. నువ్వు అయిదుగురికీ ఒకటే గోత్రం పెట్టి సంబంధాలు కలపబోయావు. వాళ్ళు బుద్ధిమంతులు, కాదన్నారు."

ఎనిమిదేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. కోర్సులు చేశాను. సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాను. టోకెన్లు పంచే పంతులు గారికి అర్థమైంది నాకు అర్థం కాలేదు. రౌటర్ చేసింది తప్పు కాదు. తిరిగి తిరిగి తన కబురే తన దగ్గరికి వస్తోందేమో, అలా వస్తే చుట్టూ తిరుగుతూనే ఉండిపోతుంది అని, దానికా జాగ్రత్త నేర్పారు.

"మరి మీరేం చేస్తారండీ అలాంటప్పుడు?" నా గొంతు నాకే జాలిగా వినబడింది.

"పిల్లా పిల్లాడూ ఒకళ్ళనొకళ్ళు మరీ ఇష్టపడితే, అమ్మాయిని మేనమామకో ఎవరికో దత్తత ఇప్పిస్తాం. గోత్రం మారిపోతుంది, పీటల మీద కూర్చోబెడతాం. నేనే మూడు చేయించాను. ముగ్గురూ బాగానే ఉన్నారు."

దత్తత!

ఫోన్ పెట్టేసి లైను మేడమ్‌కి చేశాను. ఈసారి గొంతులో తేనె పోశాను.

"మేడమ్... నమస్తే మేడమ్... మా సెంటర్ల నుంచి వచ్చే కబురు మీద మా నంబరు తీసేసి, మీ కంపెనీ నంబరు పెట్టి, మిగతా సెంటర్లకి పంపించే వీలేమైనా ఉంటుందా మేడమ్?"

"ఉంటుంది సార్. మా వైపు ఒక్కో సెంటర్‌కి ఒక్క కమాండ్ వెయ్యాలి. పోయిన వారమే మీకు మెయిల్ పెట్టాను. 'అయిదుచోట్లా ఒకే నంబరు వాడుతున్నారా? అయితే చెప్పండి, మేం ఈ కమాండ్ వేస్తాం' అని."

"నాకు రాలేదు మేడమ్."

"వచ్చింది సార్. మీరు 'నోటెడ్ విత్ థ్యాంక్స్' అని రిప్లై ఇచ్చారు."

ఆ రిప్లై నేను మెయిల్ చదవకుండా ఇస్తాను. అందరికీ అదే ఇస్తాను.

"ఇందాక ఫోన్లో కూడా అదే చెప్పబోయాను. మీరు లైన్లు చూడమన్నారు." ఆవిడ గొంతులో మర్యాద అలాగే ఉంది. అదే ఘోరం. "పావుగంట టైమివ్వండి సార్. పర్మిషన్ తీసుకుని వేసేస్తాను."

అంటే ఏమిటన్నమాట? నేను ల్యాబులోంచి కదలకుండా, ఒక్క ఫోను మర్యాదగా చేసుంటే, పావుగంటలో అయ్యేది. నేను హెల్మెట్ పెట్టుకుని జిల్లాలు దాటాను!

ఆ పావుగంట ఊరికే నిలబడలేక శ్రీకాకుళం బయల్దేరాను. సెంటర్‌లో అడుగుపెట్టేసరికి ఎనిమిది నలభైఅయిదు. బల్లల నిండా జనం. ఎవరూ మాట్లాడ్డం లేదు, మాట్లాడ్డానికి ఓపిక లేదు. ఫ్యాను కింద మా అత్త. సంచి ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు సగం మూసుకుని ఉంది. దగ్గరికెళ్ళి "అత్తా" అన్నాను.

కళ్ళు తెరిచింది. "ఒచ్చినావా. రెండిడ్లీ తినీసి ఎల్లిపోమని డాక్టరమ్మ సెప్పించిందంట. నానెళ్ళనేదు. మా వోడు వస్తాడు, సేసిపెడతాడన్నాను." పెదాలు ఎండిపోయి ఉన్నాయి. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు నవ్వూ లేదు, కాంట్రాక్టూ లేదు. నేను టైపు చేసిన మూడు ముక్కలు ఈ చేతి మీదకొచ్చాయి అనిపించింది.

"లే అత్తా, ముందు తిందువుగాని. పరీక్ష రేపు."

"కూసోరా! నాలుగు బస్సులు మారి మళ్ళీ రేపా?"

ఆవిడతో వాదించేకంటే రౌటరుతో వాదించడం నయమని, గబగబా కేబులు తీసి రౌటరు దగ్గర వంగాను. తీగ ఇంకా పూర్తిగా దూర్చలేదు. అంతే! ప్రింటరు కిర్రుమంది. స్టిక్కర్లు ఒకటి, రెండు, పది... జనమంతా ఒక్కసారి లేచారు. "వచ్చేసింది! వచ్చేసింది!"

మా అత్త మొహం చూడాలి. పక్కనున్నావిడ భుజం మీద చరిచి, "సూసినావా? మా మేనల్లుడు. సెయ్యి పెట్టినాడు, అయిపోనాది!" అంది. ఒక పెద్దాయన నాకు నమస్కారం పెట్టాడు. మీరైతే ఏం చేసేవారు? నేను... తిరిగి నమస్కారం పెట్టాను. వినయంగా. 'ఎంత పని, ఇదేం పెద్ద విషయం కాదు' అన్నట్టు తల కూడా ఊపాను.

అప్పుడే నా ఫోన్ మోగింది. బల్ల మీద, మా అత్త చేతికందేంత దూరంలో. నాకు సాయం చేద్దామని ఆవిడే ఎత్తింది. ఏదో నొక్కింది. స్పీకరు.

"సార్, మా వైపు కమాండ్ వేసేశాం. అన్ని సెంటర్లూ వచ్చేశాయి. దయచేసి మీరు ఇంకేమీ ముట్టుకోవద్దు సార్. ప్లీజ్."

సెంటర్ మొత్తం విన్నది. నమస్కారం పెట్టిన పెద్దాయన చేతులు కిందికి దించి, ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాడు. మా అత్త ఫోన్ నా చేతిలో పెట్టి, "ముట్టుకోకంతంది" అంది. ముందు ఆవిడ రక్తం తీయించి, వెంటనే బయట ఇడ్లీబండి దగ్గర కూర్చోబెట్టి నాలుగిడ్లీలు పెట్టించాను. చేతికి వెచ్చదనం వచ్చాక గానీ నా ప్రాణం కుదుటపడలేదు. టెక్కలి, పలాస కూడా నడుస్తున్నాయని లక్ష్మి ఫోన్ చేసి చెప్పింది. భావనపాడు పెద్దాయన వెళ్ళే ముందు దేవుడి దీపాలు మళ్ళీ ఆయనే వెలిగించాడట.

డాక్టరమ్మకి నేనే ఫోన్ చేసి మొత్తం ఒప్పుకున్నాను. తప్పు నాదే, లైను వాళ్ళది కాదు అని. ఆవిడ అంతా విని, "నిజం చెప్పారు, సంతోషం. నరసన్నపేట సెంటర్ పెట్టేటప్పుడు మీ పక్కన నరసింగరావు గారు కూర్చుంటారు" అంది. కాంట్రాక్టు ఉన్నట్టా, పోయినట్టా? ఇప్పటికీ నాకు తెలీదు.

కేబులు తెచ్చుకుందామని లోపలికెళ్తే, రక్తం తీసే అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది. "సార్, చేతులు వణుకుతున్నాయి. ఏమైనా తిన్నారా?"

"రాత్రి తిన్నదే."

"అయితే ఫాస్టింగే కదా సార్! కూర్చోండి, మీకూ ఒకటి తీసేస్తాను."

నేను వద్దనే లోపు నా వెనకే లోపలికొచ్చిన మా అత్త, నోట్లో ఇడ్లీతో, "తియ్యమ్మా, తియ్యి. ఆడికీ అవ్వాల" అంది. రిపోర్టు పంపడానికి ఫోన్ నంబరు అడిగితే, ఆవిడకి నోటికొచ్చింది కూతురి నంబరొక్కటే, అదే చెప్పేసింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆవిడ గౌరి గుమ్మంలో ఫోన్ పట్టుకుని నిలబడుంది. షుగరు ఉండాల్సినదానికంటే ఎక్కువే ఉందట, ఇంకా రోగం కాదట గానీ ఈరోజు నుంచీ జాగ్రత్తట. రిపోర్టు విజయనగరం సర్వర్లోంచి బయల్దేరి, ఎక్కడా ఆగకుండా, ఎవరినీ దారి అడక్కుండా, నాకంటే ముందు మా ఆవిడ చేతిలోకి వచ్చేసింది. నేను చెప్పులు విప్పుతుంటే, అది నా మొహం ముందు పెట్టి అంది.

"పెళ్ళైన ఇన్నేళ్ళలో నువ్వు కలిపిన వాటిలో మొదటిసారికే సరిగ్గా పనిచేసింది ఇదొక్కటే కదేటి!"